ఊరివైపు ఆరు మెట్లు

ఆ స్టేషనుకు ఊరివైపు నుంచి వచ్చేవాళ్ళు ఆరు మెట్లెక్కాలి. ఎందుకెక్కాలో ఎవరికీ తెలియదు. మూటలు మోసేవాళ్ళు తిట్టుకుంటూ ఎక్కారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మూలుగుతూ ఎక్కారు. ఆలస్యమైనవాళ్ళు రెండేసి మెట్లు దూకుతూ ఎక్కి, వెళ్ళిపోతున్న రైలుకు ఓ దండం పెట్టి, నింపాదిగా దిగారు. పట్టాలవైపు ప్లాట్‌ఫారం ఎత్తుగా ఉండటం న్యాయమే. ఊరివైపు వరండా కూడా అంత ఎత్తున లేపి జనం మోకాళ్ళతో పరాచికాలాడటం ఏమిటని, కట్టినవాణ్ణి మూడు తరాలుగా తిడుతూనే ఉన్నారు. వాడెప్పుడో పోయాడు కాబట్టి తిరిగి ఒక్క మాటా అనలేదు.

రైళ్ళు ఆగిపోయి పంతొమ్మిదేళ్ళయింది. కొత్త లైను ఊరికి అవతలగా వేసి, ఇక్కడి పట్టాలు పీక్కుపోయారు. ఆ తర్వాత ఆ భవనం పడని పాట్లు లేవు. కొన్నాళ్ళు ధాన్యం బస్తాలు మోసింది. కొన్నాళ్ళు విరిగిన బడి బల్లలు దాచింది. ఒకాయన వచ్చి హాల్లో కరాటే నేర్పాడు. శిష్యులు నలుగురు, అరుపులు నలభై మందివి. చివరికి మేకలు చేరాయి. అంతమందిలోకీ గోడల మీద పేర్లు చెక్కకుండా ఉన్నవి అవే. ఎప్పటికో మున్సిపాలిటీ కళ్ళు తెరిచి, దాన్ని గ్రంథాలయం చేద్దామని తీర్మానించింది. ఆ పని చూడటానికి వచ్చిన ఇంజనీరు ఎవరో కాదు, అదే స్టేషన్లో ఇరవై రెండేళ్ళు టికెట్లమ్మిన మనిషి కూతురు.

ఆ మనిషిని ఊరంతా టికెట్టమ్మ అంటుంది. అసలు పేరు ఆవిడ అన్నదమ్ములకే గుర్తుండదు. ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట భర్త పోయాక, మూడు నెలల పిల్లను టికెట్ గదిలో బల్లకింద తువ్వాలు ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో టికెట్లిచ్చింది. ఆ పిల్ల రైలు కూతకు నిద్రపోయేది, రైలు రాకపోతే ఏడ్చేది.

ఆ పిల్లకు ఏడేళ్ళప్పుడు ఒకటి జరిగింది. రైలు ఉద్యోగుల్లో ఒక కట్టుబాటుంది. ఎర్రజెండా స్టేషన్ మాస్టరు చూపినా, ఊడ్చే మనిషి చూపినా, దారినపోయే దానయ్య చూపినా సరే, డ్రైవరు ముందు బండి ఆపాలి. ఎందుకని అడగడం ఆగిన తర్వాతే. ఈ సంగతి విని ఉన్న పిల్ల, పట్టా మీద నల్లగా ఏదో కనబడగానే జడకున్న ఎర్ర రిబ్బను లాగి ఊపింది. జానెడు రిబ్బనుకు నలభై పెట్టెల గూడ్సు ఆగింది. తీరా చూస్తే అది ఎవరో పారేసిన సైకిలు ట్యూబు. పై ప్రాణాలు పైనే పోగా, టికెట్టమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళి చేతులు జోడించబోయింది. డ్రైవరు ఆమెవైపు చూడనేలేదు. ట్యూబు తీసి పక్కన పడేసి, పిల్లతో అన్నాడు: "ఆపడం నీ పని, ఆపావు. చూడటం నా పని, చూశాను. అంతే." ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఆ సాయంత్రమంతా జడ వేయించుకోకుండా, రిబ్బను చేతికి చుట్టుకుని తిరిగింది.

ఇప్పుడా పిల్లకు ముప్ఫై. ఇది ఆమె ఒక్కతే చూస్తున్న మొదటి పని. తల్లేమో నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే టీ ఫ్లాస్కుతో దిగబడుతుంది. కూతురికి టీ ఇవ్వడానికని పేరు. వచ్చాక నోరు ఊరుకుంటేనా! గోడకేసిన రంగు ఆసుపత్రిలా ఉందంది. బెంచీలు ఎక్కడికి తోలారంది. అంతటితో ఆగినా బాగుండేది. వాసానికి చెదలు పట్టిందని ఒకసారి పనాపించింది. చూస్తే చెద కాదు, పాత లక్క. నేలకింద కాలువ పగిలిందని ఇంకోసారి తవ్వించింది. పొడి మట్టి తప్ప చుక్క నీరు లేదు. మూడోసారి మెట్లు బీటలిచ్చాయని మేస్త్రిని పిలుచుకొచ్చింది. అది సుద్దతో గీసిన గీత. కూలీలు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు. కూతురు నవ్వలేదు.

"అమ్మా, నీకిది మారడం ఇష్టం లేదు. అది నాకు తెలుసు. ఇంకోసారి పనాపితే, నిన్ను లోపలికి రానివ్వొద్దని నేనే చెప్పాల్సొస్తుంది. నాచేత ఆ మాట అనిపించకు" అంది.

ఆ మాటకు టికెట్టమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కోపంతో కాదు. పిల్ల చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు కాబట్టి.

పని అప్పటికే నెల ఆలస్యమైంది. మున్సిపల్ చైర్మన్ ముక్కుమీద కోపం మనిషి. శుక్రవారం పదిన్నరకు పెద్దలను ఇరవై మందిని వెంటబెట్టుకొచ్చి హాలు చూపిస్తాననీ, అప్పటికి జాకీలూ చెత్తా కనబడితే పని ఇంకొకరికి అప్పగిస్తాననీ కబురంపాడు. ఇంకొకరికి అప్పగిస్తే, మొదటి పనే మధ్యలో లాక్కున్న ఇంజనీరును మళ్ళీ పిలిచేవాడెవడు?

జాకీల సంగతి చెప్పాలి. హాలుకు ఒక పక్క టికెట్ గది, ఇంకో పక్క వెయిటింగ్ రూము. మధ్యనున్న రెండు గోడలూ ఇటుకవే, మందమూ ఒకటే. ఒకటి కప్పును మోసేది, రెండోది ఊరికే అడ్డంగా నిలబెట్టింది. పైన చెక్క సీలింగు ఉండటంతో ఏది ఏదో కంటికి తెలియదు. సీలింగు పాతకాలపు పనితనమనీ, ఒక్క మేకు కూడా కదపొద్దనీ చైర్మన్ ఆజ్ఞ. అందుకని కూతురు మున్సిపాలిటీ బీరువాలోంచి గదుల పేర్లు రాయని తొలినాటి ప్లాను తీయించి, దాన్ని నమ్ముకుంది. ప్లాట్‌ఫారం వైపునుంచి లోపలికి చూసుకుంటూ వస్తే, మోసే గోడ వెయిటింగ్ రూముది. టికెట్ గదిది ఉత్త అడ్డుగోడ. దాన్ని పన్నెండడుగుల మేర కొట్టేసి హాలునూ గదినీ కలిపారు. పైన మిగిలిన ఇటుకలకు లింటెల్ అనే చిన్న కాంక్రీటు అడ్డపట్టీ వేసి, అది ఆరేదాకా కింద ఆరు ఇనప జాకీలు నిలబెట్టారు. మర తిప్పితే పెరిగేవి, వెనక్కి తిప్పితే దిగేవి. టికెట్ కిటికీ ఉన్న ముక్కను మాత్రం గుర్తుగా ఉంచారు. టికెట్టమ్మ మీద గౌరవంతోనని కూతురు ఎవరితోనూ అనలేదు, తల్లితో సహా.

శుక్రవారం తొమ్మిదింటికి టికెట్టమ్మ వచ్చింది. ఈసారి ఫ్లాస్కుతో పాటు ఒక చేతిసంచి. గాజు పెట్టెలో పెట్టి చూపించడానికి స్టేషను సామాన్లేమైనా ఉంటే తెమ్మని కూతురే అడిగింది. సంచిలో టికెట్లు గుద్దే కత్తెర, ఈల, చుట్టిపెట్టిన రెండు జెండాలు ఉన్నాయి. స్టేషను మూసిన రోజు మాస్టరు ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయినవి.

హాల్లో మేస్త్రి ఉన్నాడు. "రండక్కా. ఇవాళ ఏం పగిలింది?" అన్నాడు.

"నీ నోరు. అదెప్పుడో పగిలింది" అంది టికెట్టమ్మ. కూలీలు ఇకిలించారు.

ఆరు జాకీల్లో రెండు అప్పటికే దించేసి గోడవార పడుకోబెట్టారు. మిగిలినవి పదింటికల్లా దించేయాలి. కూతురు ప్లాట్‌ఫారం మీద ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. టికెట్టమ్మ అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

ఆ కిటికీకి పక్కకు జరిగే చెక్క రెక్క ఒకటుంది. ఇరవై రెండేళ్ళూ దాన్ని ఒక్క వేలితో జరిపింది. అది జరిగే పైగాడిలో కాస్త సందు ఉండటంతో గాలికి టకటకమనేది. అందుకని ఒక అట్ట టికెట్టు ఆ సందులో దోపేది. నిన్న సాయంత్రం కూడా ఊరుకోబుద్ధి కాక, ఇంట్లో మిగిలిన పాత టికెట్టొకటి తెచ్చి దోపి వెళ్ళింది. ఇప్పుడు దాన్ని లాగబోయింది.

రాలేదు.

గోరు పెట్టి లాగింది. టికెట్టు సగానికి చిరిగి చేతికొచ్చింది. మిగతా సగం పైగాడిలో, పళ్ళ మధ్య చిక్కినట్టు బిగుసుకుపోయింది. రెక్కను వేలితో తోసింది. కదల్లేదు. అరచేత్తో తోసింది. భుజం ఆనించి తోసింది. ఎక్కడిదక్కడే.

ఆమె వెనక్కి తిరిగింది.

"మేస్త్రీ, ఈ రెక్క బిగుసుకుంది."

"చెమ్మకు ఉబ్బుంటుందక్కా."

"నెల రోజులుగా వాన చుక్క లేదు. ఏం చెమ్మ?"

"కొత్త సిమెంటు చెమ్మ."

"చెమ్మకు ఉబ్బితే కింద పట్టేస్తుందయ్యా, ఎన్ని వానాకాలాలు చూళ్ళేదు నేను! ఇది పైన పట్టింది. పైనుంచి ఏదో నొక్కుతోంది."

మేస్త్రి ఆమెవైపు జాలిగా చూశాడు. ఆ జాలి కంటే తిట్టినా బాగుండేది. "అక్కా, ఇవాళొద్దు. అమ్మాయి పొద్దున్నుంచీ నీళ్ళు కూడా తాగలేదు. చైర్మన్ వచ్చి పోనీ, రేపు నేనే రంపం పెట్టి నీ రెక్క సాఫు చేసిస్తా" అని, మూడో జాకీ మర మీద చెయ్యేసి, సగం చుట్టు వెనక్కి తిప్పాడు.

పైనెక్కడో చిన్న చప్పుడైంది. ఎండుపుల్ల విరిగినంత. కూలీల మాటల్లో అది ఇంకెవరికీ వినబడలేదు. కిటికీ చట్టం మీద వేలు పెట్టి నిలబడ్డ టికెట్టమ్మకు మాత్రం వేలికి తెలిసింది.

ఆమె ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళింది. కూతురు ఫోను పెట్టేసి అప్పుడే తిరిగింది. కళ్ళకింద నల్లటి గీతలు.

"అమ్మడూ, కిటికీ రెక్క పైన..."

"అమ్మా."

అరవలేదు. చాలా నెమ్మదిగా అంది. టికెట్టమ్మ పక్కకు జరిగింది. కూతురు ఆమెను దాటుకుని హాల్లోకి వెళ్ళి, "కానివ్వండి, గంట టైముంది" అంది.

టికెట్టమ్మ ప్లాట్‌ఫారం చివర, ఏడో స్తంభానికి ఆనుకుని నిలబడింది. నిలబడి తనను తాను అడిగింది. చెదలన్నావు, లేవు. కాలువన్నావు, లేదు. సుద్దగీతను బీట అన్నావు. ఇప్పుడు ఈ వేలును నమ్మమంటే ఎవరు నమ్ముతారు, అసలు నువ్వే నమ్ముతున్నావా? ఇది నిజంగా కప్పు భయమా, లేక నీ టికెట్ గది పోతుందన్న ఏడుపా? తప్పయితే, ఇరవై మంది పెద్దల ముందు పిల్ల పరువు తీసి, దాని పొట్ట కొట్టినదానివవుతావు. పిల్ల ఇక జన్మలో నీ ముఖం చూడదు. నోరు మూసుకో. రేపు రంపం పెడతానన్నాడుగా.

ఆ తర్వాత ఇంకొకటి తోచింది. తప్పు కాకపోతే? పదిన్నరకు ఆ ఇరవై మందినీ ఎక్కడ నిలబెడతారు? ఆ గోడకింద. వాళ్ళకు పని గురించి చెప్పడానికి ముందు నిలబడేదెవరు?

చేతిలోని సగం టికెట్టు చెమటకు మెత్తబడింది. ఆమె సంచిలో చెయ్యి పెట్టింది.

హాల్లో మేస్త్రి మూడో జాకీకి ఇంకో చుట్టు తిప్పడానికి భుజం సర్దుకుంటున్నాడు. కూతురు గోడకు అతికించిన ప్లాను తీసి చుట్టబెడుతోంది. టికెట్టమ్మ గుమ్మంలో నిలబడి, ఎర్రజెండా విప్పి, చెయ్యి పూర్తిగా చాచి పట్టుకుంది.

ఒక కూలీ కిసుక్కున నవ్వాడు. మేస్త్రి, "ఇదొకటా అక్కా!" అన్నాడు.

కూతురు తలెత్తి చూసింది. ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నంతసేపూ హాల్లో ఎవరూ కదల్లేదు. టికెట్టమ్మకు ఆ కళ్ళల్లో కోపమే కనబడింది, కోపం తప్ప ఏమీ కనబడలేదు. జెండా మాత్రం దించలేదు.

"మేస్త్రీ, జాకీ మీంచి చెయ్యి తియ్యి" అంది కూతురు.

"మేడమ్, టైము..."

"తియ్యమన్నానా? అందరూ గోడకు దూరంగా జరగండి. ప్లాట్‌ఫారం మీదికి పొండి." తర్వాత తల్లి దగ్గరికొచ్చింది. ఎదురుగా నిలబడి అంది: "ఆపడం నీ పని. ఆపావు. ఇప్పుడు చూపించు."

టికెట్టమ్మ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సగం టికెట్టు కూతురి చేతిలో పెట్టింది. గాడిలో మిగిలిన సగాన్ని చూపించింది. కూతురు లాగి చూసింది. రెక్కను తోసి చూసింది. చట్టం పైకి కళ్ళెత్తింది. నిన్న వేసిన రంగు మీద, వెంట్రుక మందాన, కొత్త గీత ఒకటి ఏటవాలుగా పైకి పాకింది. ఈసారి అది సుద్దగీత కాదు.

"దించిన రెండు జాకీలూ మళ్ళీ పెట్టాలి. మేస్త్రీ, నువ్వూ నేనూ చాలు, ఇంకెవరూ రావొద్దు. అమ్మా, నువ్వు కూడా బయటికి పో."

"నేను పోను. రెక్క సంగతి ఎవరు చెబుతారు నీకు?"

వాదించడానికి వ్యవధి లేదు. మేస్త్రి ఈసారి జోకులు వేయలేదు. జాకీలు నిలబెట్టి మర తిప్పసాగాడు. కూతురు చుట్లు లెక్కపెడుతోంది. టికెట్టమ్మ వేలు రెక్క మీద ఉంది.

నాలుగు చుట్లు. కదల్లేదు. ఆరు. పైనుంచి సున్నం పొడి మేస్త్రి నెత్తిన రాలింది. అతను తల తిప్పకుండా తిప్పుతూనే ఉన్నాడు. ఎనిమిది. ఇటుకల్లోంచి పళ్ళు కొరికిన చప్పుడు. తొమ్మిది. పది.

పదకొండో చుట్టుకు రెక్క టికెట్టమ్మ వేలికింద జారింది. అర అంగుళం, ఆ తర్వాత నూనె రాసినట్టు ఆ చివరిదాకా. గాడిలోంచి చిరిగిన టికెట్టు ముక్క రాలి బల్ల మీద పడింది.

మేస్త్రి నేల మీద చతికిలబడ్డాడు. "అమ్మో, అమ్మో" అన్నాడు.

కూతురు నిచ్చెనేసుకుని ఎక్కి, చైర్మన్ ఆజ్ఞను గాలికొదిలి, సీలింగు పలక ఒకటి ఊడబెరికింది. టార్చి వేసింది. దిగి వచ్చింది. "ఇనప దూలం. కప్పు బరువంతా మోసే దూలం ఈ గోడ మీదే కూర్చుంది. అడ్డుగోడ ఇది కాదు. అదీ" అని వెయిటింగ్ రూము వైపు చూపించింది. "ప్లానులో అలా లేదమ్మా. నేను వందసార్లు చూశాను." చుట్టిన ప్లాను నేల మీద పరిచి, దాని మీద మోకాళ్ళేసింది. "ఇదిగో ప్లాట్‌ఫారం. ఇక్కణ్ణుంచి లోపలికొస్తే..."

టికెట్టమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ప్లానుల గురించి ఆమెకు తెలియదు. తాను రోజూ ఆనుకున్న స్తంభాల గురించి తెలుసు.

"ఏమే, ఇందులో స్తంభాలు అయిదే ఉన్నాయి?"

"మిగతా రెండూ తర్వాత కట్టుంటారని..."

"ప్లాట్‌ఫారానికి ఏడు. అయిదు ఊరివైపు వరండాకి."

కూతురు తలెత్తింది. టికెట్టమ్మ మాట్లాడుతూనే ఉంది, తనతో తానే చెప్పుకుంటున్నట్టు. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకు మళ్ళించే ముసలి పాయింట్స్‌మన్ ఒకడుండేవాడు. వాళ్ళ తాత కాలంలో పట్టాలు ఊరివైపే ఉండేవనీ, బజారు పెరిగాక ఇటు పెరట్లోకి మార్చారనీ అనేవాడు. మందెక్కువై వాగుతున్నాడనుకునేవాళ్ళం. అందుకేనే ఆ ఆరు మెట్లు! అది వరండా కాదు, మొదటి ప్లాట్‌ఫారమే."

కూతురు రెండు చేతులతో ప్లానును పట్టుకుని, నేల మీదే, అటుది ఇటు తిప్పింది. కుడి గోడ ఎడమకొచ్చింది, ఎడమది కుడికొచ్చింది. ఎర్రసిరా పూసిన మోసే గోడ టికెట్ గది పక్కకొచ్చి ఆగింది.

"నాలుగు నెలలుగా దీన్ని తలకిందులుగా చదివాను. చిన్నప్పుడు రోజుకు పదిసార్లు ఆ మెట్లెక్కి దిగాను. ఒక్కసారైనా ఎందుకున్నాయని అడగలేదు" అంది.

బయట కార్ల తలుపులు ఒకటొకటిగా వేసిన చప్పుడైంది. పదీ ఇరవైకే వచ్చేశారు. చైర్మన్ గొంతు ఎవరికో చెబుతోంది: "రండి రండి, మెట్లు మాత్రం చూసుకుని..."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. టికెట్టమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుంది. "నా మాట విను. నామీద తోసెయ్యి. ఆ టికెట్టమ్మ పిచ్చిది, జెండా పట్టుకుని అడ్డం పడింది, పని ఆగిపోయిందని చెప్పు. ఊళ్ళో అందరూ నమ్ముతారు. మూడుసార్లు అయింది, నాలుగోది నాకు బరువా? వాళ్ళు పోయాక నెమ్మదిగా సరిచేసుకో. మేస్త్రి ఎవరికీ చెప్పడు. ఏమయ్యా?"

"చచ్చినా చెప్పను" అన్నాడు మేస్త్రి.

కూతురు ఆ ఇద్దరినీ చూసింది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆ మాట ఆమెకు రుచించినట్టే టికెట్టమ్మకు అనిపించింది. రుచించనీ తల్లీ అని లోలోపల వేడుకుంది కూడా.

కూతురు తల్లి చేతిలోంచి జెండా తీసుకుంది. ముఖానికంటిన సున్నం మోచేత్తో తుడుచుకుని, హాలు దాటి, ఊరివైపు వరండాలోకి నడిచింది. అయిదు స్తంభాల మధ్య, ఆరో మెట్టు మీద నిలబడి చెయ్యి చాచింది.

ముందు నడుస్తున్న చైర్మన్ మూడో మెట్టు మీద ఉన్నాడు. "ఏమిటమ్మా ఇది? ఆట అనుకుంటున్నావా?"

"ఆగండి సార్. కారణం తర్వాత చెబుతాను. ముందు ఆగండి."

"ఇంతమందిని పిలుచుకొచ్చాను..."

"అందుకేనండీ ఆపుతున్నాను. లోపల కొట్టకూడని గోడ కొట్టాను. పైకప్పు జాకీల మీదుంది. తప్పు ప్లానుదీ కాదు, మేస్త్రిదీ కాదు. నాది."

టికెట్ గదిలో టికెట్టమ్మ కిటికీ రెక్కను పూర్తిగా పక్కకు జరిపింది. హాలుకు అడ్డంగా, తెరిచిన గుమ్మంలోంచి కూతురి వీపు కనబడుతోంది. ఈ ఒక్క మాటతో పిల్ల పని పోవచ్చని ఆమెకు తెలుసు. దుఃఖమూ గర్వమూ కలిసి ఒకేసారి కమ్ముకొచ్చాయి. ఏది ఏదో విడదీయడం ఆమెవల్ల కాలేదు.

మెట్ల మీద ఇరవై మంది ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చైర్మన్ జెండాను చూశాడు, జెండా పట్టుకున్న చేతిని చూశాడు, ఎత్తిన కాలిని నాలుగో మెట్టు మీద పెట్టకుండా వెనక్కి తీసుకున్నాడు.

"సరే, ఆగాం" అన్నాడు. "ఇప్పుడు చెప్పు."